చీటీల పీపా

పోయిన వారం మనం గేతాన్ మిషో మాస్టారిని బడి వ్యాయామశాల గుమ్మంలో, కోటు లోపలి జేబులో డాక్టరు ఉత్తరంతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. లోపలికి వెళితే లూసెట్ డేగ్ల్‌కి సమాధానం చెప్పుకోవాలి. వెనక్కి తిరిగితే ఐదుగురు ఆడపిల్లలకి చెప్పుకోవాలి. అరవై ఒక్కేళ్ళ మనిషి, రెండింటికీ ధైర్యం చాలక తలుపు చెక్కని పట్టుకుని నిలబడ్డాడు.

కథ మరిచిపోయిన వాళ్ళకోసం నాలుగు ముక్కలు. ఇవాళ మంగళవారం. శనివారం నాడు ప్రాంతీయ పందెం: కొండలెక్కి, గడ్డి మైదానాలు దాటి, మూడు మైళ్ళ పైచిలుకు పరుగు. ఈ పందెంలో జట్టుకి స్థానం దక్కాలంటే ఐదుగురు గీత దాటాలి. నలుగురు చిరుతల్లా పరిగెత్తినా సరే, ఐదో మనిషి లేకపోతే ఆ జట్టు లేనట్టే. సెంట్ ఒనేజిమ్ బడిలో పరిగెత్తే ఆడపిల్లలు ఉన్నదే ఐదుగురు. పైగా వచ్చే జూన్‌తో ఆ బడే ఉండదు, నది దిగువనున్న పెద్ద బడిలో కలిపేస్తున్నారు. ఇరవై ఆరేళ్ళుగా మాస్టారు నడిపిన జట్టుకి ఇదే ఆఖరి పందెం. ఆ ఐదుగురిలో ముందుండే పిల్ల, పదిహేడేళ్ళ డానిక సీర్, పది రోజులుగా గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. ఎడమకాలి ముందెముక నొప్పి.

లూసెట్ పట్నం ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. మంగళవారాలు మాత్రం బడికి వచ్చి పిల్లల మోకాళ్ళూ మడమలూ చూస్తుంది. బంతులు దాచుకునే గదిలో ఒక బల్ల వేసి, దానికే వైద్యశాల అని పేరు పెట్టారు. దెబ్బ తగిలిన పిల్లని ఆవిడ సంతకం లేకుండా పందెంలో దించకూడదని బడి నియమం. అయితే డాక్టరు ఉత్తరం ఉంటే ఆ సంతకంతో పనిలేదు. ఆ ఉత్తరమే మాస్టారి జేబులో ఉంది. "ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. నొప్పి ఓర్చుకోగలిగితే పరిగెత్తవచ్చు" అని రెండే వాక్యాలు. పొద్దుటి నుంచి ఆయన దాన్ని ఏడెనిమిది సార్లు తడిమి చూసుకున్నాడు.

"మాస్టారూ, గుమ్మం కాయడం అయిపోతే లోపలికి రండి," అంది లూసెట్, తల కూడా ఎత్తకుండా.

ఆయన వచ్చాడు. డానిక బల్ల మీద కాళ్ళు చాపుకుని, ఎడమ మేజోడు విప్పి కూర్చుంది. కోచ్‌ని చూడగానే మొహం నిండా నవ్వు తెచ్చిపెట్టుకుంది. లూసెట్ బొటనవేలు చీలమండ పైనుంచి ఎముక లోపలి అంచు వెంట మెల్లగా పైకి జరిగింది.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు మేడమ్."

"ఇక్కడ?"

డానిక రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "అబ్బే, నొప్పేం కాదు. మీ చేతులు చల్లగా ఉన్నాయి, అంతే."

"ఓహో. కింద నొక్కినప్పుడు నా చేతులు వెచ్చగా ఉన్నాయా మరి? అప్పుడు ఉలిక్కిపడలేదేం?"

మాస్టారికి నవ్వొచ్చింది గానీ, పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి ఆపుకున్నాడు. లూసెట్ చెవి మీదున్న పెన్ను తీసి, నొప్పి ఉన్న చోట ఒక సున్నా చుట్టింది. చిన్న నాణెమంత సున్నా.

"ఇది చూడండి మాస్టారూ. పోయిన నెలలో మీ మగపిల్లలు ముగ్గురికి వచ్చింది వేరు. అది జానెడు పొడుగున, ఎముక అంచు వెంట సలుపుతుంది. పరుగు మొదట్లో బాధిస్తుంది, ఒళ్ళు వేడెక్కాక సర్దుకుంటుంది. మంచుగడ్డ పెట్టించాం, రెండు వారాలు సైకిలు తొక్కించాం, పిక్కలకి బలం వచ్చే కసరత్తు చేయించాం. గడ్డి మీద కొంచెం కొంచెంగా పరిగెత్తించాం. పోయింది. ఇది జానెడు లేదు, వేలెడు కూడా లేదు. ఏం డానికా, పరిగెత్తే కొద్దీ తగ్గుతోందా, పెరుగుతోందా?"

"తగ్గు..."

"నిన్న మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. అది గుర్తుపెట్టుకుని చెప్పు."

డానిక తల దించుకుంది. "పడుకున్నా ఉంటుంది," అంది.

"సరే, దిగు. ఎడమకాలి మీద ఒక్క గెంతు గెంతు. ఒక్కటి చాలు."

ఆ పిల్ల దిగింది. కుడికాలు పైకెత్తింది. పెదవి కొరుక్కుని, నేల వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది. కొంగలా నిలబడ్డం దాకా బాగానే ఉంది, గెంతడమే రావడం లేదు. చివరికి ఒక అంగుళం ఎగిరి, దిగీ దిగగానే "అమ్మా!" అని బల్ల మీదికి వాలిపోయింది. ఈ నాలుగేళ్ళలో వర్షంలో, మంచులో, జ్వరంలో పరిగెత్తిన పిల్ల నోట ఆ మాట మాస్టారు ఎన్నడూ వినలేదు.

"చాలు. వెళ్ళి బయట బెంచీ మీద కూర్చో," అంది లూసెట్, ఆ పిల్ల వీపు నిమురుతూ. "నా సంచిలో డబ్బా ఉంది, ప్లోయ్ అట్లు వెన్న రాసి తెచ్చా. నాలుగూ తినాలి."

"ఆకలిగా లేదు మేడమ్."

"ఆకలి సంగతి నేనడిగానా? తినమన్నా."

డానిక కుంటుకుంటూ వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక లూసెట్ గొంతు తగ్గించి, "తిండీ, ఒంటి సంగతులూ నేనూ వాళ్ళమ్మా చూసుకుంటాం. మీకు చెప్పాల్సినవి కావు, మీరు అడగొద్దు. మీరు చూడాల్సింది వేరే ఉంది," అంటూ మూలకి వెళ్ళి, పొద్దునే తెచ్చిపెట్టుకున్న పీపాని దొర్లించుకుంటూ తెచ్చింది.

ఆ పీపా సంగతి చెప్పాలి. మాస్టారి చిన్నప్పుడు ఆ లోయలో బంగాళాదుంపలు చేత్తోనే ఏరేవాళ్ళు. ఏరేవాళ్ళందరికీ తలో నంబరు, ఆ నంబరున్న చీటీల కట్ట ఉండేవి. ఒక పీపా నిండగానే దాని అంచున తమ చీటీ గుచ్చి, తరవాతి పీపాకి పోయేవాళ్ళు. సాయంత్రానికి ఎవరెన్ని నింపారో ఊరంతటికీ తెలిసిపోయేది. గేతాన్ మిషో పదకొండేళ్ళప్పుడు ఒక్కరోజులో డెబ్భై పీపాలు నింపాడు. ఇప్పటికీ ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. బడిలో వడ్రంగం నేర్పే ఉద్యోగమూ, పరుగు జట్టూ చేతికొచ్చిన ఏడాది ఆయన ఇంటి కొట్టంలోంచి పాత దేవదారు పీపా ఒకటి తెచ్చి వ్యాయామశాల తలుపు పక్కన పెట్టాడు. ప్రతి పిల్లకీ ఒక నంబరు, చీటీల కట్ట. ఒక మైలు పరిగెత్తితే ఒక చీటీ. పరిగెత్తని మైలుకి చీటీ వెయ్యకూడదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పిల్ల కూడా ఆ నియమం తప్పలేదు. ఆదివారం ఆదివారం మాస్టారు పీపా ఖాళీ చేసి, ఆ వారం చీటీల్ని కాగితపు సంచిలో కట్టి ఈ బంతుల గదిలోనే దాచేవాడు.

లూసెట్ ఆ సంచులన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. నాలుగో నంబరు గులాబీ చీటీలు, అంటే డానికవి, ఏరి కుప్పలు పోసింది.

"ఇది ఆగస్టు ఆఖరు. వారానికి ఇరవై రెండు. బాగుంది. ఇవి దుంపల సెలవులు, మూడు వారాలు."

ఆ మూడు కుప్పలూ చూస్తే కుప్పలనిపించుకోవు. ఆరు, నాలుగు, ఐదు. దుంపలు తవ్వే రోజుల్లో ఆ లోయలో బడి మూసేస్తారు. పిల్లలంతా పొలాల్లోనే. డానిక మూడు వారాలూ యంత్రం మీద, రబ్బరు బూట్లతో రోజుకి పది గంటలు నిలబడి, పట్టా మీద పోయే దుంపల్లోంచి రాళ్ళు ఏరింది.

"బడి తెరిచిన వారం ముప్ఫై నాలుగు," అంది లూసెట్. "ఆ తరవాతి వారం నలభై ఐదు. ఐదు నుంచి నలభై ఐదు, మాస్టారూ! ఆ రెండు వారాలూ గోడ మీద మీరే రాసి పెట్టారు, ఇంకా చెరపలేదు కూడా: 'సెలవుల్లో పోయిన మైళ్ళన్నీ తిరిగి రావాలి.'"

మాస్టారికి కొంచెం కోపం వచ్చింది. "పోయినవి రాబట్టుకోవద్దా మరి? మూడు రోజులు వాన పడితే మా నాన్న మిగిలిన రోజుల్లో దీపాలు పెట్టి ఏరించేవాడు. మంచు పడేలోపు నేలలోంచి తియ్యాలి. అంతే."

"దుంపకి అది సరిపోతుంది. ఎముక బతికున్నది కదా. దెబ్బ తగిలిన చోట అది ముందు కొంచెం కరుగుతుంది, ఆ తరవాత కొత్తది పోసుకుని గట్టిపడుతుంది. ఆ పోసుకునే వారాలు దానికి కావాలి. మనం ఇవ్వలేదు. కరిగినచోటే మళ్ళీ మళ్ళీ కొట్టాం. అదీ తారురోడ్డు మీద."

"నదిగట్టు దారి అంతా బురద, కాళ్ళు మెలిపడతాయని రోడ్డు మీదే పరిగెత్తమన్నా."

"ఎడమవైపున?"

"బండ్లు పోయేది కుడివైపున. ఎదురుగా వచ్చేవి కనబడాలిగా! ఎప్పుడూ ఎడమవైపే. అది నా మొదటి నియమం."

"మన రోడ్లు మధ్యలో ఉబ్బుగా, గుంట వైపు వాలుగా ఉంటాయి. ఎడమకాలు రోజూ పల్లంలో పడుతుంది, ఒళ్ళు బరువంతా అటే ఒరుగుతుంది. మీరు ఇన్నేళ్ళలో చూసిన కాళ్ళు గుర్తు తెచ్చుకోండి. నొప్పి ఏ కాలికి ఎక్కువ?"

ఎడమ. ప్రతిసారీ ఎడమ. ఎడమకాలు బలహీనంగా పుడుతుందేమో ఈ లోయ పిల్లలకి అని ఆయన ఒకప్పుడు భార్యతో అన్నాడు కూడా. ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

లూసెట్ ఆఖరి సంచి ముందు ఆగింది. "ఇదొక్కటే నాకు అర్థం కాలేదు. పోయిన వారం ముప్ఫై ఎనిమిది. ఈ కాలితోనా? ఒక్క గెంతు గెంతలేని కాలితో ముప్ఫై ఎనిమిది మైళ్ళా?"

"డానిక సంగతి నీకు తెలీదు. మొండిఘటం." ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎంత వద్దనుకున్నా గర్వం తొంగి చూసింది. వెంటనే తెలివి తెచ్చుకుని, "అయితే ఏమంటావ్ ఇప్పుడు?" అన్నాడు.

"ఎముకలో సన్న పగులు ఉందని నా అనుమానం. వచ్చే బుధవారం పెద్దాసుపత్రిలో స్కానింగు ఉంది, అప్పుడు తేలుతుంది. అంతదాకా చంకకర్రలు. పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు లేదు. ఆపైన నడక, ఆపైన గడ్డి మీద నిమిషం పరుగు, నిమిషం నడక. జాగ్రత్తగా ఉంటే వసంతానికి నిక్షేపంగా పరిగెత్తుతుంది. ముందు కాలం అంతా ఆ పిల్లదే."

"శనివారం?"

"లేదు."

బయట నుంచి వ్యాయామశాల గడియారం టిక్కుటిక్కుమంటోంది. మాస్టారు కిటికీలోంచి చూశాడు. తేలిక పరుగుకి వెళ్ళిన పిల్లలు ముగ్గురు తిరిగొచ్చి గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు. ఆయన మనవరాలు జోసీ మాత్రం ఇంకా రాలేదు. ఈమధ్య రోజూ అంతే, అందరికంటే ఆలస్యంగా వస్తుంది. ఐదుగురిలోకీ నెమ్మది పిల్ల, ఏం చేస్తాం అనుకుంటాడు ఆయన, కొంచెం జాలిగా.

"నడిస్తే?" అన్నాడు హఠాత్తుగా.

"ఏమిటి?"

"పరిగెత్తక్కర్లేదు లూసెట్. నడిచి గీత దాటితే చాలు. అందరికంటే ఆఖర్న వచ్చినా ఐదో మనిషే. తక్కిన నలుగురి కష్టం పోదు. ఇంటి నుంచి బడికి నడిచే వస్తోందిగా? మూడు మైళ్ళు నడవలేదా?" అంటూ ఆయన జేబులోంచి ఉత్తరం తీసి చీటీల పక్కన పెట్టాడు. "నిన్ను దాటి వెళ్ళాలని నాకు లేదు. కానీ డాక్టరే రాసిచ్చాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు."

లూసెట్ ఉత్తరం చదివింది. "ఎనిమిది రోజుల కిందట తీసిన ఎక్స్‌రే. మొదటి రెండు మూడు వారాల్లో సన్న పగులు ఎక్స్‌రేలో కనబడదు, చాలాసార్లు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. డాక్టరుకి ఈ చీటీలు ఎవరూ చూపించలేదు, పాపం."

"నడకే కదా అంటున్నాను!"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతు వైద్యురాలి గొంతులా లేదు.

"మీ రెండో ఏడాది జట్టు గుర్తుందా మాస్టారూ? తొమ్మిదో నంబరు, పచ్చ చీటీలు."

గుర్తులేకేం! ఆ ఏడాది అందరికంటే ఎక్కువ చీటీలు వేసిన పిల్ల లూసెట్. ప్రాంతీయ పందెంలో రెండో మైలు దాటాక, ఆపిల్ చెట్ల దగ్గర గడ్డిలో కూర్చుండిపోయింది. ఆ తరవాత సోమవారమే వాళ్ళ నాన్నకి దక్షిణాన కాగితపు మిల్లులో పని దొరికి, కుటుంబమంతా వెళ్ళిపోయారు. మూడేళ్ళ కిందట ఆవిడ తిరిగి వచ్చి ఈ బల్ల దగ్గర నిలబడ్డప్పుడు మాస్టారు పెద్దమనిషిలా పలకరించాడు, అంతే. మధ్యలో వదిలేసిన మనిషి మీద ఆయనకి గురి కుదరదు.

"ఆ రోజు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి మీరేమన్నారు?"

ఆయనకి బాగా గుర్తుంది.

"'లే. పరిగెత్తలేకపోతే నడువు. ఇంకా మైలే ఉంది' అన్నారు. లేచాను. మీరు చెబితే లేవకుండా ఉంటానా? మా నాన్న మాటైనా కాదనేదాన్నేమో గానీ మీ మాట కాదనే దాన్ని కాదు. పావు మైలు నడిచాను. ఆ కంచె దగ్గర టప్పుమంది. శబ్దం నాకు వినబడింది మాస్టారూ. పక్కన పరిగెత్తుతున్న పిల్లకి కూడా వినబడిందేమో, వెనక్కి తిరిగి చూసింది."

"లూసెట్..."

"బస్సులో మీరు అందరితో ఏమన్నారో కూడా విన్నాను. 'కొందరికి కాళ్ళుంటాయి, మనసుండదు' అని. నేను వెనక సీట్లో ఉన్నా. బూటు విప్పితే కాలు మళ్ళీ పట్టదని విప్పలేదు. సోమవారం దక్షిణాన దిగాక అక్కడ పిండికట్టు వేశారు. రెండు నెలలు. ఎముక అతుక్కుంది. పరుగు మాత్రం మళ్ళీ రాలేదు, కాలు కొంచెం వంకరగా అతుక్కుంది. మీరెప్పుడైనా గమనించారా, నేను మెట్లు దిగేటప్పుడు?"

గమనించలేదు. మూడేళ్ళుగా ప్రతి మంగళవారం ఎదురుగా నడిచిన మనిషి. వేల మైళ్ళ చీటీలు ఎంచాడు గానీ నడిచే కాలు ఒక్కనాడు చూసుకోలేదు. మాస్టారు పీపా అంచు మీద చెయ్యి ఆనించాడు. ఇరవై అయిదేళ్ళుగా ఆయన ప్రతి కొత్త జట్టుకీ ఆ కథ చెప్పాడు. పేరు చెప్పకుండానే లెండి. వదిలేసిన పిల్ల కథ. అది విని ఎంతమంది ఆడపిల్లలు నొప్పిని మింగుకుని ఉంటారో! ఆ కథ డానిక ఎన్నిసార్లు విందో!

"ఎందుకు చెప్పలేదు? ఒక్క ఉత్తరం రాస్తే..."

"పదిహేడేళ్ళు నాకు. మనసు లేదని మీరన్నారు. నిజమేనేమో అనుకున్నాను చాలా ఏళ్ళు."

ఇంతకంటే తిట్టినా బాగుండేది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట చాలా చిన్నదిగా కనబడింది. చివరికి ఉత్తరం తీసి చింపబోయాడు.

"అయ్యో, చింపకండి!" లూసెట్ లాక్కుంది. "స్కానింగు వాళ్ళకి ఎక్స్‌రే తేదీ కావాలి. ఆవేశం తరవాత పడుదురు గాని."

ఇద్దరికీ ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఏడుపుకి దగ్గరి నవ్వు.

"నాకు మీ క్షమాపణ ఇప్పుడొద్దు," అంది ఆవిడ. "బెంచీ మీదున్న పిల్లకి మీరు చెప్పండి. నేను చెబితే చేదు మందులా మింగుతుంది, అంతే. మీరు చెబితేనే నమ్ముతుంది."

డానికని లోపలికి పిలిచారు. డబ్బాలో రెండు అట్లు మిగిలాయి. లూసెట్ డబ్బా చూసి మూత పెట్టింది. మాస్టారు ఆ పిల్ల ఎదురుగా, మోకాళ్ళు పట్టేస్తున్నా, కింద గచ్చు మీదే కూర్చున్నాడు.

"శనివారం నువ్వు పరిగెత్తడం లేదమ్మా. నడవడం కూడా లేదు."

"కోచ్! డాక్టరు ఉత్తరం..."

"ఉత్తరం నా జేబులో లేదిప్పుడు."

"మరి వీళ్ళ సంగతి? నలుగురుంటే జట్టు కాదు కదా! ఇదే ఆఖరి ఏడు. వ్యాయామశాల గోడ మీద పందెంలో స్థానం తెచ్చుకున్న జట్లవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, మా పేర్లు లేకుండా బడి మూసేస్తారా? నా వల్ల, నా ఒక్కదాని కాలి వల్ల!" డానిక మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది. "నేను ఆగిపోయే రకం కాదు కోచ్. ఆపిల్ చెట్ల దగ్గర కూర్చున్న ఆ పిల్లలాంటిదాన్ని కాదు."

మాస్టారు లూసెట్ వంక చూడలేకపోయాడు.

"ఆ పిల్ల ఆగిపోలేదు," అన్నాడు. "విరిగిన కాలితో నడిచింది, నేను నడవమన్నానని. ఆ కథ నేను తప్పుగా చెప్పాను. ఇన్నేళ్ళూ తప్పుగానే చెప్పాను. నీ కాలిది కూడా నీ తప్పు కాదు, నాది. నీ కాలు చూడకుండా నీ చీటీలు చూసి మురిసిపోయాను. ఆ నొప్పితో పోయిన వారం ముప్ఫై ఎనిమిది మైళ్ళు..."

డానిక ఏడుపు ఆగింది. ఆగిన తీరు మాస్టారికి నచ్చలేదు. ఆ పిల్ల బల్ల మీది గులాబీ కుప్ప చూసి, తలుపు వంక చూసి, నీళ్ళు నమిలింది.

"ఏమిటి డానికా?" అంది లూసెట్ మెల్లగా.

"ముప్ఫై ఎనిమిది నావి కావు."

"నాలుగో నంబరేగా?"

"చీటీలు నావే. మైళ్ళు నావి కావు. నావి ఆరే. ఆరో మైలు తరవాత ఇక కాలు మోపలేకపోయా." చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుంది. "పీపాలో నా చీటీలు తగ్గితే మీకు తెలిసిపోతుందిగా, కోచ్. తెలిస్తే పందెం నుంచి తీసేస్తారు, జట్టు పోతుంది. అందుకని తను అడిగింది, నీ కట్ట ఇలా ఇవ్వు అని. ఉత్తినే వెయ్యడం లేదు, ఒట్టు! పరిగెత్తని మైలుకి చీటీ వెయ్యకూడదని తనకీ తెలుసు. ముందు అందరితో తన మైళ్ళు, ఆ తరవాత ఒక్కతే మళ్ళీ రోడ్డెక్కి నావి. ఒక్క చీటీ కూడా అబద్ధం కాదు కోచ్."

"తనంటే ఎవరు?" అని అడిగాడు మాస్టారు. అడుగుతుండగానే ఆయనకి తెలిసిపోయింది.

లూసెట్ అప్పటికే చీటీల సంచిలో చెయ్యి పెట్టి జోసీ పదకొండో నంబరు పసుపు చీటీలు వెతుకుతోంది. ఎంచింది. ఇరవై నాలుగు. వాటికి డానిక పరిగెత్తని ముప్ఫై రెండూ కలిపితే యాభై ఆరు. పదిహేనేళ్ళ పిల్ల, ఒక్క వారంలో యాభై ఆరు మైళ్ళు. ఆవిడ మొహంలో రంగు మారింది.

మాస్టారు గచ్చు మీద నుంచి ఎలా లేచాడో ఆయనకే తెలీదు. కోటు అక్కడే వదిలేసి, వ్యాయామశాల దాటి, గాజు తలుపు తోసుకుని బయటికొచ్చాడు. అక్టోబరు గాలి చెవుల్ని కోస్తోంది. తవ్వేసిన పొలాల మధ్య నల్లటి తారురోడ్డు, దాని మీద దూరంగా ఒక ఎర్ర టోపీ. రోడ్డుకి ఎడమవైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా, తాత చెప్పిన నియమం పొల్లుపోకుండా వస్తోంది జోసీ. చిన్నమ్మ కూతురి పాత బూట్లు, మడమ దగ్గర ఒక పక్కకి అరిగిపోయినవి. ఎడమకాలు పల్లంలో పడుతోంది, లేస్తోంది. పడినప్పుడల్లా ఆ ఎర్ర టోపీ కొంచెం పక్కకి ఒరుగుతోంది. అది అలసట అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

పిల్ల దగ్గరికొచ్చి, రొప్పుతూ, నవ్వింది. చేతిలో రెండు గులాబీ చీటీలు నలిగిపోయి ఉన్నాయి. ఆయన్ని చూసి గబుక్కున జేబులో కుక్కుకుంది. ఆ ఇంట్లో తాతని పెపేర్ అనీ, ఆయన భార్యని మెమేర్ అనీ పిలుస్తారు.

"ఏంటి పెపేర్, కోటు లేకుండా బయటికొచ్చావ్? మెమేర్ చూసిందంటే నీ పని అయిపోయిందే!"

వెనకాల గాజు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. లూసెట్ వచ్చి రెండడుగుల దూరంలో ఆగింది. మాస్టారు తిరిగి చూడలేదు. మనవరాలి మొహమే చూస్తున్నాడు. శనివారమూ, గోడ మీది పేర్లూ, ఇరవై ఆరేళ్ళూ ఏవీ గుర్తులేవు ఆయనకి. ఉన్నది ఒకే ఒక్క భయం.

"జోసీ, తల్లీ," అన్నాడు. "ఒక్కసారి ఎడమకాలి మీద గెంతు. ఒక్కటి చాలు."

జోసీ నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం తాతని దాటి, గాజు తలుపు వెనక నిలబడ్డ డానిక దగ్గరికి పోయి, మళ్ళీ తిరిగొచ్చాయి. జోసీ తన ఒంటి బరువంతా నెమ్మదిగా, ఎవరికీ తెలియకూడదన్నట్టు, కుడి వైపుకి మార్చుకుంది.

"కుడికాలి మీద గెంతితే సరిపోదా, పెపేర్?"